సోఫియా (దైవజ్ఞానం)

క్రైస్తవ ఆధ్యాత్మికతలో దేవుని జ్ఞానానికి ఇచ్చిన స్త్రీ రూపం. దీనికి మూలం సామెతల గ్రంథం 8వ అధ్యాయం. సృష్టికి ముందే దేవుని చెంతనున్న జ్ఞానం అక్కడ పట్టణపు గుమ్మాల దగ్గర నిలబడి జనాన్ని కేకేసి పిలుస్తుంది. అపొస్తలుడైన పౌలు క్రీస్తునే దేవుని జ్ఞానమన్నాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో 537లో పూర్తయిన హగియా సోఫియా చర్చిని కూడా క్రీస్తుకే అంకితం చేశారు, సోఫియా అనే పునీతురాలికి కాదు. రష్యాలోని నోవ్‌గొరోడ్ చిత్రపటంలో మాత్రం దైవజ్ఞానమైన సోఫియా విడిగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: ఎర్రటి ముఖం, రెక్కలు, కిరీటం, సింహాసనం, ఒక పక్క మరియ, మరో పక్క బాప్తిస్మమిచ్చు యోహాను, తలపైన క్రీస్తు. తత్వవేత్త వ్లదీమిర్ సొలొవ్యోవ్ ఆమె తనకు మూడుసార్లు దర్శనమిచ్చిందని రాశాడు. అందులో ఒకటి, విచిత్రంగా, బ్రిటిష్ మ్యూజియం పఠనాలయంలో. క్రైస్తవ వేదాంతి సెర్గెయ్ బుల్గాకోవ్ ఈ భావనను వేదాంతంగా విస్తరించగా, 1935లో మాస్కో ఆర్థడాక్స్ పీఠం దాన్ని తప్పుబట్టింది.