పోల్చడానికి పెట్టిన నాళిక

మా బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్ల చెరువు శాసనం ఉంది. 1369లో బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించినది. చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించాడు. శాసనం చదవదలచినవాళ్లు రాయిని పెకలించుకుపోరు. తడి కాగితం అద్ది, సిరా పూసి నకలు తీసుకుపోతారు. మన కణంలోనూ కేంద్రకంలోని డీఎన్‌ఏ కదలదు. దాని నకలు ఎంఆర్‌ఎన్‌ఏ బయటికొస్తుంది. మరి ప్రోటీన్ గొలుసు కట్టడానికి ఆ నకల్లోని ఒక్కో మాటకూ సరిపడే అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చేదెవరు? ఆ కూలీ దొరికిన కథలో మన తెలుగువాడి కష్టమూ కలిసి ఉంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి కండరంలో, కణానికి శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నారు. అది 1929. పాతికేళ్లకు అదే ఊళ్లో, మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో, పాల్ జమెక్నిక్ బృందం ఎలుక కాలేయాన్ని నూరి, ఆ రసంలోనే ప్రోటీన్ తయారయ్యేలా చేసింది. ఏటీపీ లేనిదే ఆ పని సాగదు. అమైనో ఆమ్లాలను ముందు సిద్ధం చేసేది ఆ శక్తేనని 1955లో మహ్లాన్ హోగ్లాండ్ తేల్చాడు.

ఆ రసంలో ఆర్‌ఎన్‌ఏ కూడా తయారవుతుందా అని జమెక్నిక్‌కు సందేహం వచ్చింది. ఏటీపీ ఆర్‌ఎన్‌ఏకు ముడిసరుకు కూడా కాబట్టి ఒక నాళికలో రేడియోధార్మిక ఏటీపీ వేశాడు. పోల్చి చూడటానికి మరో నాళికలో రేడియోధార్మిక అమైనో ఆమ్లం వేశాడు. ఈ రెండో దాంట్లోని ఆర్‌ఎన్‌ఏలో ఏమీ కనిపించకూడదు. కనిపించింది! అమైనో ఆమ్లం ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏను అంటిపెట్టుకుని ఉంది. పోలికకు పెట్టినదే కదా అని పారబోసి ఉంటే? నాకు ఆ క్షణం తలచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. హోగ్లాండ్, మేరీ స్టీఫెన్‌సన్ తదితరులతో కలిసి పట్టువదలక చూస్తే, ఆ ఆర్‌ఎన్‌ఏ తన బరువును ప్రోటీన్‌కు అప్పగిస్తోందని రుజువైంది. 1958లో పూర్తి వివరాలు అచ్చయ్యాయి. ఇలాంటి మధ్యవర్తి ఉండి తీరాలని ఫ్రాన్సిస్ క్రిక్ 1955లోనే ఊహించాడు. ఆ సంగతి జేమ్స్ వాట్సన్ వచ్చి చెప్పేదాకా బోస్టన్‌వాళ్లకు తెలియదు.

అదే నేటి టీఆర్‌ఎన్‌ఏ. ఒక కొసన అమైనో ఆమ్లం, ఇంకోచోట మూడక్షరాలు. ప్రోటీన్‌ను కూర్చే రైబోజోములో ఆ మూడూ ఎంఆర్‌ఎన్‌ఏ మీది మూడక్షరాలతో జతకూడతాయి. జత కుదిరిందో లేదో రైబోజోములోని చిన్న భాగపు ఆర్‌ఎన్‌ఏ తడిమి చూస్తుంది. పెద్ద భాగపు ఆర్‌ఎన్‌ఏ కొత్త అమైనో ఆమ్లాన్ని గొలుసుకు కలుపుతుంది. బరువు దించుకున్న టీఆర్‌ఎన్‌ఏ ఖాళీగా బయటికి నడుస్తుంది. అది మళ్లీ మోత ఎత్తుకోవాలంటే ఇంకో ఏటీపీ ఖర్చు కావాల్సిందే.