కండెలు చుట్టిన చేతుల నుంచి డిగ్రీ దాకా

సంఘంలో ప్రతిభా పురస్కారాల లిస్టు తయారవుతోంది. ఈసారి కూడా పిల్లల్ని అడిగింది మార్కుల మెమోలే. అందుకే మన పాత సంగతి కొంచెం గుర్తు చేద్దామని రాస్తున్నాను. పొడుగైతే ఓపిక పట్టండి.

కరీంనగర్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపుల నుంచి సోలాపూర్ వచ్చిన మన పెద్దల చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేదు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు, అదే మన జునీ మిల్లు, మొదలైంది. పని చూసే పనిచ్చారు. ఆ పని నేర్పింది ఇల్లే. చిన్నపిల్లలు కండెలు చుట్టేవారు. కాస్త ఎదిగితే తెగిన పోగు అతికేవారు. పడుగు, గంజి, అచ్చు దాటి చివరికి మగ్గం మీద కూర్చునేవారు. ఆ రోజుల్ని పొగిడి బడి మానిపించడం నా ఉద్దేశం కాదు. కండెల దగ్గర కూర్చోబెట్టినందుకే మా నాయనమ్మకు అక్షరం రాలేదు, ఆ బాధ ఆమెకు చివరిదాకా ఉంది.

1949 ఆగస్టులో జునీ మిల్లు మూతపడింది. 1950 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నిర్వహణ చేతుల్లోకి తీసుకుంది, ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. గేటు మూసినా నేత మనిషి చేతిలో పని మాత్రం ఉంది.

జకార్డ్ చద్దరు సంగతే చూడండి. ముందు గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి డిజైన్ గీయాలి. ఒక్కో వరుసకు ఒక్కో అట్టకార్డు, దానికి రంధ్రాలు కొట్టాలి. రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్క రంధ్రం తప్పితే నెమలి మెడ వంకర పోతుంది. తప్పు ఏ కార్డులో ఉందో వెతికి పట్టుకోవడం నాలుగో తరగతి చదివినవాళ్లకూ వచ్చేది. కంప్యూటర్ కోర్సులో ఇదే పనికి పెద్ద పేరుంది!

చదువు కోసం మనవాళ్లు తక్కువ చేయలేదు. పద్మశాలి శిక్షణ సంస్థ, కుచన్ ప్రశాల, బుర్లా మహిళా మహావిద్యాలయం మన కష్టార్జితమే. 2004లో సోలాపూర్‌కు సొంత విశ్వవిద్యాలయమూ వచ్చింది. అయితే బడి ఒకవైపు, సాంచె ఒకవైపు ఉండిపోయాయి.

మా మేనల్లుడు ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాసులో పాసయ్యాడు. అక్కల్‌కోట్ రోడ్డులో ఒక టవల్ కార్ఖానాకు ఇంటర్వ్యూకి వెళ్తే సేఠ్ అడిగింది ఒక్కటే: "సరుకు నాలుగు రోజులు ఆలస్యం, ఎందుకో చెప్పి పార్టీకి ఇంగ్లీషులో మెయిల్ రాయి." వాడు అరగంట కూర్చుని రెండు లైన్లు రాశాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గల్లీలో హిందీ, కన్నడం మాట్లాడే పిల్లవాడు అక్కడ నోరు విప్పలేదు. నాలుగేళ్లలో వాడితో ఒక్క కస్టమర్‌కైనా ఉత్తరం రాయించలేదట. ఒక్క కార్ఖానా చూపించారు, అదీ గ్రూప్ ఫోటో కోసం.

తప్పంతా కాలేజీదే అనను. మనమూ పిల్లవాణ్ణి "నువ్వు చదువుకో, సాంచె దగ్గరికి రాకు" అని తరిమాం. దుమ్ము, చప్పుడు, రాత్రి పాళీ మనకు తెలుసు గనుక.

పురస్కారాల రోజున శాలువాల ఖర్చు కొంచెం తగ్గించి, చివరి ఏడాది పిల్లల్ని రెండు నెలలు మన కార్ఖానాల్లో కూర్చోబెడితే ఎలా ఉంటుంది? లెక్కలు, ఆర్డర్లు, మెయిళ్లు, మెషిన్ రిపేరు, అన్నీ చూడాలి. స్టైపెండ్ ఇవ్వాలి, ఊరికే చాకిరీ వద్దు. ఇద్దరు కార్ఖానాదారులు నాతో సరేనన్నారు. ఆదివారం మీటింగులో ఈ మాట ఎత్తుతాను. ఇంకెవరు ఒప్పుకుంటారో కింద రాయండి.