పరులపై నేరము మోపు పేటిక

కంప్యూటరు చరిత్రను చెప్పబూనినవారు సాధారణముగా ప్రాసెసరును, మెమొరీని, వానిని నిర్మించిన మేధావులను వేనోళ్ల కొనియాడుదురు. గాని ఆ యంత్రమునకు ప్రాణాధారమైన కరెంటును తగు పాళ్లలో పంచిపెట్టు ఇనుపపేటికను, మన మెకానిక్కులు ఎస్‌ఎంపీఎస్ అని పిలుచుకొనుదానిని, మాటవరసకైనను తలపరు. అది చక్కగా పనిచేయునంతకాలము దాని ఉనికియే ఎవ్వరికిని పట్టదు. చెడుటకు మొదలిడినప్పుడో, తన దోషమును తానొప్పుకొనక, ర్యాము మీదను, హార్డ్ డిస్కు మీదను, ఒక్కొక్కప్పుడు విండోసు మీదను నెట్టివేయును. ఈ మారువేషమును ఛేదించుటకై ఇంజనీర్లును, మెకానిక్కులును తరతరములుగా అలవరచుకొన్న విద్యకు ఒక చరిత్ర కలదు.

కంప్యూటర్లు వాల్వులతో నడచిన కాలమున విద్యుత్సరఫరా ఒక పేటికలో ఇమిడెడి వస్తువు కాదు. 1946లో ఫిలడెల్ఫియాలో లోకమునకు ప్రదర్శింపబడిన ఎనియాక్ యంత్రమున దాదాపు 18 వేల వాల్వులుండెను. అది సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తును ఆరగించుచుండెను. ఆపి మరల వేయు వేళలందే వాల్వులు అధికముగా మాడిపోవుచుండుటచే, యంత్రమును రేయింబవళ్లు ఆర్పకుండ ఉంచుటయే మేలని దాని పోషకులు గ్రహించిరి. అయినను, చెడిన పిమ్మట వెదకుటయే గాని, చెడక మునుపే పసిగట్టు ఉపాయము వారి చేత లేకుండెను.

ఆ ఉపాయమును కనుగొన్న కీర్తి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో జే ఫారెస్టర్ నాయకత్వమున వర్ల్‌విండ్ యంత్రమును నిర్మించిన బృందమునకు చెందును. యంత్రముచేత పరీక్షాప్రోగ్రామును నడిపించుచు, ఒక్కొక్క విభాగమునకు అందు వోల్టేజిని వారు బుద్ధిపూర్వకముగనే కొంచెము కొంచెముగా పెంచియు తగ్గించియు చూచుచుండిరి. ఆరోగ్యముగానున్న వాల్వు ఆ హెచ్చుతగ్గులను సహించును. ఆయువు మూడనున్న వాల్వు మాత్రము తడబడి, లెక్క తప్పి, పట్టుబడును. అట్లు పట్టుబడినదానిని మరమ్మతు వేళలోనే మార్చివేయుటవలన, నిజమైన పని నడుచునప్పుడు యంత్రము నిలిచిపోవుట మిక్కిలి అరుదయ్యెను. మార్జినల్ చెకింగ్ అను ఈ పద్ధతియే పిదప అమెరికా వాయురక్షణకై ఐబీఎం నిర్మించిన సేజ్ మహాయంత్రములకును సంక్రమించెను. వోల్టేజి తగ్గినచో భాగములు ఎట్లు తప్పుచేయునో ఆనాటి ఇంజనీర్లు ఎరిగియుండిరి గనుకనే, ఆ దౌర్బల్యమును పరీక్షాసాధనముగా మలచుకొనగలిగిరి.

కంప్యూటరు బల్లమీదికి వచ్చుటతో ఈ కథ మలుపు తిరిగెను. పాత లీనియరు సరఫరాలకు బరువైన ట్రాన్స్‌ఫార్మరు కావలసియుండెను. అవి మిగులు వోల్టేజిని వేడిగా వృథాపరచుచుండెను. అంతరిక్ష, సైనిక పరికరములందు అంతకుముందే వాడుకకు వచ్చిన స్విచింగ్ విధానమును 1977లో ఆపిల్-2 కొరకు రాడ్ హోల్ట్ అను ఇంజనీరు మలచెను. 1981లో వెలువడిన ఐబీఎం పీసీ 63.5 వాట్ల పేటికతో అదే త్రోవను పట్టెను. ఈ విధానమున గోడనుండి వచ్చిన 230 వోల్టుల ఏసీ మొదట సుమారు 320 వోల్టుల డీసీగా మారును. ట్రాన్సిస్టర్లు దానిని సెకనుకు వేలకొలది మార్లు తుంచివేయగా, ఆ తునకలు అరచేతిలో ఇముడు ఫెరైటు ట్రాన్స్‌ఫార్మరు గుండ సాగి 12, 5 వోల్టులుగా దిగును. వోల్టేజీలు కుదుటపడినవని పేటిక ‘పవర్ గుడ్’ తీగపై సంకేతము పంపువరకు ప్రాసెసరు పని మొదలిడరాదన్న కట్టడియు ఐబీఎం పీసీయందే కలదు. కావున సంకేతము రాకున్నచో యంత్రము పలుకక ఉలుకక పడియుండును. చూచువారు మదర్‌బోర్డు మరణించినదని తలతురు.

ఈ పేటికలు మన దేశమునకు వచ్చినప్పుడు ఇచటి పరిస్థితులు వానిని కొత్త పరీక్షలకు గురిచేసినవి. వెనుకవైపు ఎర్రని చిన్న స్విచ్చు ఒకటుండెడిది. అమెరికాకు 115, మనకు 230. అది 115 మీదనున్నదని గమనింపక ప్లగ్గు పెట్టినచో, 200 వోల్టులకు తయారైన కండెన్సర్లు రెండింటను చెరి 320 వోల్టులు నిండుటకు సిద్ధపడి, ఢామ్మను చప్పుడుతో పొగ వెలువడెడిది. 1984 నాటి ఏటీ నమూనా పేటికలలో మదర్‌బోర్డునకు పోవు ప్లగ్గులు రెండు. నల్లతీగలు నడుమ కలియునట్లు గ్రుచ్చవలెను, తారుమారు చేసినచో బోర్డు దక్కదు. సికింద్రాబాదు పార్కులేనులో జనులు సీటీసీ అని పిలుచు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లలో పనికి కుదిరిన కుర్రవారికి ‘నలుపు నలుపు ప్రక్కన’ అను సూత్రము తెలియకున్న గడవకుండెడిది. వేసవి సాయంత్రములందు పడిపోవు వోల్టేజి, కరెంటు పోయి వచ్చునప్పటి ఉద్ధృతి, అంతంతమాత్రపు ఎర్తింగు, ఫ్యానును కప్పు ధూళి, ఇవన్నియు దోషనిర్ణయములో భాగమైనవి.

1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణమును ప్రకటించిన పిదప తీగల రంగులే మెకానిక్కునకు వర్ణమాల యయ్యెను: పసుపు 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, ఊదా నిరంతరము మేల్కొనియుండు 5 వోల్టుల స్టాండ్‌బై, బూడిదరంగు పవర్ గుడ్, ఆకుపచ్చ యంత్రమును లేపునది. బోర్డునుండి ప్లగ్గును ఊడదీసి, వంచిన జెమ్ క్లిప్పుతో ఆకుపచ్చ తీగను నల్లతీగతో కలుపగా ఫ్యాను తిరిగినచో పేటిక బాగున్నదని తేల్చివేయుట పరిపాటి. కాని అది సగము సత్యమే. బరువు లేనప్పుడు నిలబడిన పేటిక, బరువు పడగానే కుప్పకూలవచ్చును. అనుభవజ్ఞుడు ప్లగ్గును బోర్డునందే ఉంచి, మీటరు సూదిని తీగ వెంట వెనుకనుండి దూర్చి, యంత్రముచేత బరువైన పని చేయించుచు అంకెలను చూచును. 12 వోల్టుల తీగపై 11.4కు దిగువకును, 5 వోల్టుల తీగపై 4.75కు దిగువకును అంకె జారినచో దొంగ దొరికినట్లే. ఆటలు మొదలిడగానే యంత్రము తనంతట తాను రీస్టార్టగుట, ఉదయమున రెండు మూడు మార్లు నొక్కినగాని మేల్కొనకుండుట, ఒకసారి వేడెక్కిన పిమ్మట సాయంత్రము వరకు చక్కగా నడచుట, ఇవన్నియు ఎండిపోయిన కండెన్సర్ల గుర్తులు.

1999 మొదలు దాదాపు 2007 వరకు ఈ కండెన్సర్ల వ్యాధి ప్రపంచమంతట మహమ్మారివలె వ్యాపించెను. తైవానులో తయారైన కొన్ని రకముల కండెన్సర్లలో ఎలక్ట్రోలైటు కూర్పు సరిలేక లోపల హైడ్రోజను పుట్టి, తలపైనున్న అడ్డుగీతలు ఉబ్బి పగిలి, గోధుమరంగు జిగురు కారెను. ఆ కాలమున మూత తీసినంతనే రోగము కంటబడుచుండుటచే మీటరుతో పనియే లేకపోయెను. అయినను ఉబ్బని కండెన్సరు బాగున్నట్లే అని నమ్మరాదు. లోపల ఎండి సత్తువ తగ్గినది వెలుపలికి నున్నగనే కానవచ్చును.

ఆ మహమ్మారి ఇంచుమించు సద్దుమణిగినది. పేటికల వెల తగ్గెను, మరమ్మతు కూలి వెలకు సమీపించెను. కావున నేటి వాడుక పరీక్ష వేరొక మంచి పేటికను తెచ్చి పెట్టి చూచుట. అది తీర్పును త్వరగా చెప్పును, గాని కారణమును చెప్పదు. గ్రాఫిక్స్ కార్డునకు చాలని వాట్లు, ధూళి, వేడి, ఎర్తింగు లోపము వీనిలో ఏది పాతదానిని చంపినదో తేల్చని మెకానిక్కు కొత్తదానిని కూడ అదే కోరలకు అందించును. చెడకమునుపే బలహీనతను వెలికితీయుటకు వోల్టేజిని తగ్గించి చూచిన వర్ల్‌విండ్ ఇంజనీర్ల పద్ధతికిని, బరువు మోపి అంకెలను చదువు అనుభవజ్ఞుని పద్ధతికిని సూత్రమొక్కటే: యంత్రము విశ్రాంతిగానున్నప్పుడు చెప్పు సాక్ష్యము కంటె శ్రమలోనున్నప్పుడు చెప్పు సాక్ష్యమే నమ్మదగినది.