చార్మినార్ కమాన్‌లో ఒక హర్ఫ్

మా జహనుమాలో ఆడపిల్ల షాదీకి జేవర్ తక్కువ పడినప్పుడో, పాత ఇల్లు పడగొట్టినప్పుడో సందూకుల అడుగు నుంచి నల్లబడిన చాందీ రూపాయిలు బయటికొస్తాయి. నేరుగా తరాజులో పడతాయి. నాలుగు రోజుల్లో పాంజేబులైపోతాయి. మా దాదీమా దాచినవీ అలాగే పోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్ని అరచేతిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

దీని పేరు హాలీ సిక్కా. 'హాలీ' అంటే ఇప్పుడు నడుస్తున్నది అని. 1857 దాకా హైదరాబాద్ సిక్కాల మీద ఢిల్లీ మొగల్ బాద్‌షా పేరే ఉండేది. గదర్ తర్వాత ఆ తఖ్త్ పోయింది, సిక్కా మీదకు ఆసఫ్ జా పేరొచ్చింది. పేరుతోపాటు 92 అనే అంకె కూడా కనిపిస్తుంది. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. కలిపితే ముహమ్మద్ అనే పేరు.

1803లో సికందర్ జా జమానాలో టక్సాల్ మన పాతబస్తీలోనే, సుల్తాన్ షాహీలో ఉండేది. 1903లో సైఫాబాద్‌కు మారింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, హిజ్రీ 1321 నుంచి, రూపాయి మీద చార్మినార్ నిలబడింది. దాని కమాన్ మధ్యలో చిన్న హర్ఫ్ ఉంటుంది. మీమ్ అయితే మహబూబ్, ఐన్ అయితే ఉస్మాన్. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి సిక్కాల్లో సగం ఐన్, తర్వాతి వాటిలో పూర్తి ఐన్. షౌకీన్లు భూతద్దంతో మొదట వెతికేది ఆ కమాన్‌లోనే.

ఇక వజన్ సంగతి. హాలీ రూపాయి సుమారు 11.18 గ్రాములు, అందులో చాందీ వెయ్యికి 818 పాళ్లు. అంగ్రేజుల కల్దార్ రూపాయి 11.66 గ్రాములు, చాందీ 917 పాళ్లు. అంటే ఒకదాంట్లో అసలు చాందీ 9.14 గ్రాములు, మరోదాంట్లో 10.69. అందుకే ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. నూరు కల్దార్లు కావాలంటే 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ ఇవ్వాలి. మన బుజుర్గులు నోటికి చెప్పిన ఈ హిసాబ్ వెనక ఉన్నది చాందీయే.

మొదటి జంగ్ రోజుల్లో చాందీ కరువైంది. అంగ్రేజ్ సర్కార్ కాగితం నోట్లకు బదులు జనం చాందీ రూపాయిలు అడిగి తీసుకెళ్తున్నారు. ఖజానా ఖాళీ అయ్యేలా ఉంది. అప్పుడు 1918 ఏప్రిల్‌లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసింది. తన ఖజానాలోని చాందీ డాలర్లు 27 కోట్లకు పైగా కరిగించింది. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల చాందీ హిందుస్తాన్ కోసమే. ఎక్కువగా 1878 నుంచి 1904 దాకా ముద్రించిన మోర్గాన్ డాలర్లవి. ఏ సంవత్సరానివి ఎన్ని కరిగాయో ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే ముద్రణ లెక్క చూసి ఏది అరుదో అక్కడి షౌకీన్లు ఇప్పటికీ తేల్చుకోలేరు. అదే 1918లో నిజాం సర్కారూ కాగితం నోట్ల చట్టం తెచ్చింది. ఆ నోట్ల మీద విలువ ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడలో కూడా ఉంటుంది.

అమెరికాలో డాలర్ల మీద జరిగిందే మన గల్లీలో దాదీమా సందూక్ మీద జరుగుతోంది. ఫరక్ ఒక్కటే. అక్కడ చట్టం చేసి కరిగించారు, ఇక్కడ మనకు తెలియక కరిగిస్తున్నాం. తరాజు చాందీనే చూస్తుంది. హర్ఫ్‌నూ సంవత్సరాన్నీ చూడదు.

1950 నుంచి ఇండియా రూపాయి వచ్చింది, మార్పిడి అదే ఏడుకు ఆరు. హాలీ క్రమంగా హాలీ కాకుండా పోయింది.

కాబట్టి ఒక్క అర్జీ. మజ్బూరీ ఉంటే అమ్ముకోండి, అందులో ఐబ్ లేదు. కానీ అంతకుముందు చింతపండుతో, పౌడర్‌తో రుద్ది తోమకండి. తోమితే నలుపుతోపాటు కద్ర్ కూడా పోతుంది. వెలుతురులో తిప్పి కమాన్ చూడండి, హిజ్రీ సాల్ చదవండి, పిల్లలతో చదివించండి. మా దాదీమా సిక్కాలో ఉన్నది పూర్తి ఐన్. మిగిలిన వాటిలో ఏముండేదో ఇక నాకెప్పటికీ తెలియదు.