మనోవైద్యమునకు వెల కట్టిన కథ

మందు కనుగొనుట ఒక చరిత్ర. ఆ మందిచ్చువారికి ప్రతిఫలము నిర్ణయించుట వేరొక చరిత్ర. మొదటిదానిని మనము ఆదరముతో చదువుదుము. రెండవది కోశాగారపు పద్దులలో అణగియుండును. కాని రోగి ఎక్కడ ఉండవలెనో పెక్కుమారులు నిర్ణయించినది ఈ రెండవదియే. అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్ర ఇందుకు నిదర్శనము.

1955 నాటికి ఆ దేశమున రాష్ట్ర ప్రభుత్వముల మానసిక వైద్యశాలలలో అయిదున్నర లక్షలకు పైగా రోగులుండిరి. 1963 అక్టోబరు 31వ తేదీన అధ్యక్షుడు కెనడీ సంతకము చేసిన శాసనము రోగికి తన ఊరిలోనే చికిత్స లభింపవలెనని ఆశించినది. 1965లో పేదల వైద్యమునకై మెడికెయిడ్ పథకము వచ్చినది. అందలి వ్యయములో కనీసము సగము కేంద్రము భరించును. అయితే 65 ఏండ్లలోపు రోగి మానసిక వైద్యశాలలో నున్నచో కేంద్రము పైకమీయలేదు. పరిచర్యాలయమున చేరినచో ఇచ్చినది. రాష్ట్రములు లెక్క చూచుకొనినవి. క్రొత్త మందులును తోడుకాగా, వేలకొలది రోగులు, విశేషించి వృద్ధులు, పరిచర్యాలయములకు తరలిరి. పెక్కుమంది విషయమున జబ్బు మారలేదు. బిల్లు చెల్లించువారు మాత్రమే మారిరి.

అదే సంవత్సరమున వృద్ధులకై వెలసిన మెడికేర్ పథకమున సామాన్య చికిత్సకు రోగి వంతు నూటికి 20 కాగా, ఆసుపత్రిలో చేరకుండ పొందు మనోవైద్యమునకు సగము. ఈ భేదము పూర్తిగా తొలగుటకు 2014 వరకు పట్టినది.

వైద్యులు చాలినంతమంది ముందుకు వచ్చునట్లు మెడికెయిడ్ రేటులుండవలెనని 1989లో కాంగ్రెసు శాసించినది. ఐడహో రాష్ట్రమున 2006 నాటి రేటులే నిలిచిపోగా, వికలాంగులకు ఇండ్లయందు పరిచర్య చేయు సంస్థలు వ్యాజ్యమాడినవి. రేటు చాలదని సంస్థలు ఈ నిబంధనపై న్యాయస్థానమునకు రాజాలవనియు, దాని నమలుపరచుట కేంద్ర ప్రభుత్వపు పనియనియు 2015లో సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యతతో తీర్పు చెప్పినది. తుదకు 2024లో, మనోవైద్యపు రేటులను మెడికేర్ రేటులతో పోల్చి ప్రకటింపవలెనని కేంద్రము రాష్ట్రములకు నియమము చేసినది.

రేటు గిట్టనిచో వైద్యుడు రోగిని చేర్చుకొనడు. అప్పుడు చేత పథకపు చీటి యున్నను రోగి వాకిటనే నిలుచును. కావున రేటుల సమీక్షను గుమాస్తాల పనియని మనము త్రోసివేయరాదు. ప్రతి అంకె వెనుకను తలుపు తట్టుచున్న మనిషి యొకడు కలడు.