అంబాసిడర్ స్టీరింగు: పగులు వేరు, అరుగుదల వేరు

పాత కారు బాగు చేయిస్తున్నాం అనగానే జనం అడిగేవి రెండే ప్రశ్నలు. ఇంజన్ నడుస్తుందా? పెయింటు ఏ రంగు? స్టీరింగు సంగతి ఎవరూ అడగరు. మా ఇంట్లో మాత్రం నెల రోజులుగా పంచాయితీ అంతా దాని మీదే.

మంచిర్యాలలో మా పెద్దబాపుకి 1974 నాటి అంబాసిడర్ ఉంది, మార్క్ 2. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి అంటూ ఏళ్ళ తరబడి కిరాయికి తిప్పాడు. ఇప్పుడు దాని స్టీరింగు చక్రం నాలుగు చోట్ల పగిలింది. "గా పగిలినదాన్ని ఏం జేస్కుంటవ్ రా, లెదర్‌ది చిన్నది కొత్తది ఏద్దాం" అంటాడు అన్న. పాతదే ఉండాలంటాను నేను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఓపిక పట్టండి.

మొదట్లో కార్లకి చక్రమే లేదు. పడవ చుక్కానికి ఉన్నట్టు ఒక కర్ర ఉండేది, అంతే. 1894లో పారిస్ నుంచి రువాన్ దాకా జరిగిన పోటీలో ఆల్‌ఫ్రెడ్ వాషెరాన్ అనే ఆయన తన పానార్ కారుకి కర్ర తీసేసి చక్రం బిగించాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి పానార్ కంపెనీ తన కార్లన్నిటికీ చక్రమే పెట్టడం మొదలెట్టింది. మిగతావాళ్ళు దాని వెనకాలే నడిచారు.

ఇక అంబాసిడర్. హిందుస్తాన్ మోటార్స్‌ని బిర్లాలు 1942లో పెట్టారు. బెంగాల్లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3ని తీసుకుని 1950ల చివర్లో అంబాసిడర్ అని పేరు పెట్టారు. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది. 2017లో ఆ పేరుని ప్యూజో కంపెనీ 80 కోట్లకి కొనుక్కుంది. అంటే ఒకే డిజైను, పైపైన మార్పులతో, యాభై ఏళ్ళకి పైగా ప్రొడక్షన్‌లో ఉంది! మనం మూడేళ్ళ కోడ్‌నే లెగసీ అని ఏడుస్తాం.

ఆ చక్రం అంత పెద్దగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? పవర్ స్టీరింగు ప్రొడక్షన్ కార్లలోకి వచ్చిందే 1951లో, అమెరికాలో క్రైస్లర్ ఇంపీరియల్‌తో. మన పాత అంబాసిడర్‌కి అది లేదు. ముందు చక్రాలని తిప్పే బలమంతా డ్రైవర్ భుజాలదే. ఇంటర్‌లో చదువుకున్న టార్కు గుర్తు తెచ్చుకోండి. బలాన్ని వ్యాసార్థంతో గుణించడమే. ఉదాహరణకి 16 అంగుళాల చక్రం తీసి 13 అంగుళాలది పెడితే, అదే మలుపుకి దాదాపు 23 శాతం ఎక్కువ బలం పెట్టాలి. అన్న చెప్పే చిన్న చక్రం చూడ్డానికి స్టైలే, సందులో రివర్సు చేసేటప్పుడు తెలుస్తుంది.

మరి పగుళ్ళు ఎందుకొస్తాయి? ఆ కాలపు చక్రాల్లో లోపల ఉక్కు కడ్డీ, దాని మీద పోతపోసిన గట్టి ప్లాస్టిక్కో గట్టి రబ్బరో ఉంటుంది. వేడికి రెండూ ఒకేలా సాగవు. చిన్న లెక్క చూడండి. చక్రం చుట్టుకొలత 125 సెంటీమీటర్లు, వేడిలో తేడా 30 డిగ్రీలు అనుకుంటే, ఉక్కు అర మిల్లీమీటరు కూడా సాగదు. ప్లాస్టిక్ మూడు మిల్లీమీటర్లకి పైగానే సాగుతుంది. దానికి తోడు ఏళ్ళు గడిచేకొద్దీ ప్లాస్టిక్ ఎండి కుంచించుకుపోతుంది. లోపల ఉక్కు దాన్ని కుంచించుకోనివ్వదు. ఇంకేముంది, ఎక్కడో ఒకచోట చీలుతుంది. గోదావరికి ఇటు మంచిర్యాల, అటు రామగుండం ఎండలు ఎలాంటివో నేను చెప్పక్కర్లేదు.

బాగు చేసే పద్ధతి పెద్ద రహస్యమేం కాదు. చక్రాన్ని ఊడదీసే ముందు, అది కాలమ్ మీద ఏ కోణంలో ఉందో గుర్తు పెట్టుకోవాలి. జిడ్డు మొత్తం కడగాలి. పగులుని లోపలి ఉక్కు దాకా వి ఆకారంలో వెడల్పు చేయాలి (ఇక్కడ చాలామందికి గుండె ఆగుతుంది, కానీ లేకపోతే నింపింది పట్టదు). తుప్పు గీకాలి. ఎపాక్సీ పుట్టీ కూరి, పూర్తిగా గట్టిపడేదాకా ముట్టుకోకూడదు. తర్వాత ముతక కాగితంతో మొదలుపెట్టి సన్న కాగితం దాకా గరుకు పట్టాలి. వెనక వేళ్ళు ఆనే గాళ్ళని గుండ్రటి ఆకురాయితో తీర్చాలి. ఆ పైన ప్రైమరు, రంగు.

ఇది చదువుతుంటే మీకు ఇంకేదైనా గుర్తొచ్చిందా? నాకైతే నిర్మల్ బొమ్మలే గుర్తొచ్చాయి. పొణికి కర్రతో బొమ్మ భాగాలు చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అతికి, సందులు పూడ్చి, నునుపు చేసి, తెల్లటి పూత వేసి, అప్పుడు రంగులేస్తారు. నింపు, అరగదీయి, పూత వెయ్యి, రంగు వెయ్యి. అదే వరస! కార్ల కోసం పుట్టిన డ్యూకో రంగులు నిర్మల్ పెయింటింగుల్లోకి కూడా వచ్చాయి. 2016లో జిల్లాలు విడిపోయేదాకా నిర్మల్, మంచిర్యాల ఒకే ఆదిలాబాద్ జిల్లా. కాబట్టి ఈ పనికి ఓపికున్న చేతులు కావాలంటే లండన్ దాకా పోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. "ఒరిజినల్" అంటే ఏమిటి? 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకి విడిగా రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులు జరగని బండికి "విఎ" సిరీస్ నంబరు ఇస్తారు. పాత కార్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ ఇంకో అడుగు ముందుకెళ్ళింది. వీలైనంత తక్కువ ముట్టుకోండి, చేసిన ప్రతి పనీ రాసి పెట్టండి, వెనక్కి తీసుకోగలిగేలా చేయండి అంటుంది. మన భాషలో చెప్పాలంటే చిన్న ప్యాచ్, సరైన కమిట్ మెసేజ్, రోల్‌బ్యాక్ ప్లాన్. రీరైట్ మాత్రం వద్దు.

నా వాదన కూడా అదే, ఇంకొక్క మాట కలిపి. పగులు వేరు, అరుగుదల వేరు. పగులు ఎండ చేసింది, దాన్ని పూడ్చాలి. అరుగుదల మనిషి చేసింది. పెద్దబాపు చేతులు ఆనిన రెండు చోట్లా చక్రం నున్నగా అద్దంలా అయింది. దాన్ని కూడా గీకి కొత్త రంగేస్తే ఏం మిగిలినట్టు? హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం ఆర్డరిచ్చిన పసుప్పచ్చ రోల్స్ రాయిస్ ఉంది. అది నడిచిన దూరం చాలా తక్కువ, అందం మాత్రం చెప్పనక్కర్లేదు. దాని చరిత్ర కాగితాల్లో ఉంది, రాజు బండి కాబట్టి ఎవరో ఒకరు రాసి పెట్టారు. బొగ్గుబావుల ఊళ్ళ మధ్య తిరిగిన కిరాయి కారు గురించి ఎవరు రాస్తారు? ఆసుపత్రికి పోయిన రాత్రులు, పెళ్ళి బృందాలు.. వాటికి మిగిలిన రికార్డు ఆ నున్నటి జాగానే.

ఒక్క షరతు ఉంది, ఇందులో సెంటిమెంటు పనికిరాదు. లోపలి ఉక్కు వంగినా, మధ్యలో హబ్ దగ్గర చీలినా, పళ్ళు అరిగి కాలమ్ మీద వదులుగా ఆడినా, దాన్ని రోడ్డెక్కించకూడదు. అప్పుడు అదే మోడల్ చక్రం ఇంకోటి వెతికి పెట్టి, పాతదాన్ని గోడకి తగిలించుకోవడమే. ఎపాక్సీ చర్మాన్ని అతుకుతుంది, ఎముకని కాదు. మా చక్రానికి ఎముక గట్టిగానే ఉంది.

అన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు లెండి. ప్రస్తుతానికి కుదిరిన రాజీ ఏంటంటే పగుళ్ళు పూడ్చడం, పూడ్చిన చోట మాత్రమే రంగు, అరిగిన చోట చెయ్యి పెట్టకపోవడం. మీలో కూడా చాలామంది ఊళ్ళో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక అంబాసిడరో పద్మినియో పడి ఉండే ఉంటుంది. మెకానిక్కి తాళాలిచ్చే ముందు ఒక్క మాట చెప్పండి, కొత్తది వేసినా సరే, పాత చక్రం మాత్రం స్క్రాపులో పడేయొద్దని.