తక్కెడ నుంచి కృత్రిమ మేధ వరకు: కొండ డిపోల ఉద్యోగి చదువు

1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, అంటే అటవీ ఫలసాయాన్ని గిరిజనుల నుంచి కొని వారికి నిత్యావసర సరుకులు అమ్మే ప్రభుత్వ సంస్థ, ముంచింగిపుట్టు వంటి కొండ మండలాల్లో సంత షావుకారు తూకానికీ అప్పుకూ ప్రత్యామ్నాయంగా నిలవవలసి వచ్చింది గనుక, దాని డిపో ఉద్యోగికి మొదటి విద్య తక్కెడ సరిగా పట్టడం, ఖాతా తప్పులేకుండా రాయడమే. చింతపండు, అడ్డాకు, కరక్కాయ, కొండచీపుర్ల వంటి సరుకుల వ్యాపారాన్ని 1979 నాటి నిబంధన షెడ్యూల్డు ప్రాంతాల్లో నియంత్రణలోకి తెచ్చాక ఆ ఉద్యోగి బాధ్యత మరింత పెరిగింది.

ఈ డిపోలు చౌకధరల దుకాణాలుగా కూడా పనిచేస్తాయి; 2015లో ఆంధ్రప్రదేశ్‌లోని అలాంటి దుకాణాలకు ఈ-పోస్, అంటే వేలిముద్రతో కార్డుదారును గుర్తించే యంత్రం, రావడం మొదలైంది. మీటలు నొక్కడం నేర్పడం తేలికే. సిగ్నల్ అందని చోట, పనిచేసి అరిగిన వేలి గుర్తు పడనప్పుడు, ఆదివాసీ ఒడియా మాత్రమే వచ్చిన పోర్జ తెగ వృద్ధురాలికి ఏం చెప్పాలన్నదే అసలు పాఠం. ఇప్పుడు పలు సంస్థలు ఉద్యోగులకు నేర్పుతున్న కృత్రిమ మేధకూ, అంటే రాతనూ లెక్కనూ మనిషిలా అల్లే కంప్యూటరు విద్యకూ, ఇదే వర్తిస్తుంది: కొండ భాషలు రాని పరికరాన్ని తెలుగు మాన్యువల్‌తో నేర్పితే ఆ శిక్షణ సగమే.